బడి తలుపు తెరచిన జ్యోతిరావు ఫూలే

ధ్యాన భాగము: నెహెమ్యా 8:1-12



కాగితముమీద వ్రేలిముద్ర వేయుచున్న రైతును మనమందరము చూచియున్నాము. బొటనవ్రేలికి సిరా పూయుదురు. ఆ వ్రేలిని మరియొకడు పట్టుకొని కాగితముపై అద్దును. అందులో నేమున్నదో వ్రేలుగలవానికి తెలియదు, వ్రేలు పట్టుకొన్నవానికి తెలియును. అప్పు నూరు రూపాయలని వ్రాసిరో రెండు నూర్లని వ్రాసిరో, కౌలని వ్రాసిరో అమ్మకమని వ్రాసిరో, అతడు తెలిసికొను మార్గము లేదు. దొరల ప్రభుత్వము పోయి మన ప్రభుత్వము వచ్చినను, అట్టి మనుష్యునికి వచ్చిన స్వాతంత్ర్యమెంత?

అట్టివారి పక్షమున నిలిచి, బడి లేనిదే విడుదల లేదని జీవితమంతయు చెప్పిన యొక మనుష్యుని చరిత్రను ఈ నెల మీ యెదుట నుంచుచున్నాను. ఆయన మన తెలుగువాడు కాడు, మరాటీవాడు. బాప్తిస్మము పొంది సంఘములో చేరినవాడును కాడు. అయినను మిషను బడిలో చదువు నేర్చి, దానిని తనకొరకు దాచుకొనక, ఊరి వెలుపల నుంచబడినవారికిని ఇంటిలోపల మూయబడిన స్త్రీలకును పంచిపెట్టినవాడు. ఆయన పేరు జ్యోతిరావు ఫూలే.

పలకకు బదులు పార

జ్యోతిరావు 1827వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన పూనా పట్టణములో జన్మించెను. పీష్వాల రాజ్యము 1818లో ఇంగ్లీషు కంపెనీవారి వశమై అప్పటికి తొమ్మిదేండ్లు మాత్రమే యాయెను. ఆయన పూర్వులది సతారా ప్రాంతమునందలి కట్గుణ్ గ్రామము, కులము తోటమాలి కులము. వారు పూనా చేరి పీష్వాల కొలువునకు పూలు, పూలదండలు ఇచ్చుచుండినందున వారికి ఫూలే, అనగా పూలవారు, అను పేరు స్థిరపడెను. తండ్రి గోవిందరావు, తల్లి చిమ్నాబాయి. బిడ్డ పసివాడై యుండగనే తల్లి మరణించెను.

ఆ దినములలో పూనాలో చదువనునది బ్రాహ్మణుల సొత్తుగా నుండెను. వర్తకుల పిల్లలు తమ వ్యాపారమునకు కావలసిన లెక్కలు నేర్చుకొనెడివారు. సేద్యము చేయువానికి అక్షరములు కావలయునని తలంచినవారు అరుదు. స్త్రీ చదివినయెడల ఇంటికి కీడు వచ్చునని పెద్దలే నమ్మియుండిరి. మన గ్రామములలో మాలపల్లె, మాదిగపల్లె ఊరికి వెలుపల నున్నట్లే అక్కడ మహర్లు, మాంగులు అనువారి యిండ్లు వెలుపల నుండెను. వారి బిడ్డలు బడి అరుగుమీద కాలు పెట్టుట కలలోని మాట.

గోవిందరావు కుమారుని చిన్నతనమున ఒక బడిలో వేసెను. కొంతకాలమునకు, తోటవాని కొడుకునకు చదువెందుకు, చదివినవాడు పొలమునకు పనికిరాడని తెలిసిన గుమాస్తా యొకడు హెచ్చరించెను. తండ్రి ఆ మాట నమ్మి బడి మాన్పించెను. పిల్లవాని చేతికి పలకకు బదులు పార వచ్చెను. 1840లో, పదమూడేండ్ల ప్రాయమున, నాయగావ్ గ్రామపు పిల్లయైన సావిత్రితో అతనికి వివాహమాయెను. ఆమెకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఆమెకును అక్షరము తెలియదు.

పగలు పనిచేసి రాత్రి దీపముదగ్గర పుస్తకము పట్టుకొనుచున్న ఈ బాలుని పొరుగువారిద్దరు కనిపెట్టిరి. ఒకరు గఫార్ బేగ్ అను మహమ్మదీయ మున్షీ, మరియొకరు లెజిట్ అను నొక దొర. ఇట్టి తెలివిగల పిల్లవానిని బడికి పంపకుండుట అన్యాయమని వారు గోవిందరావునకు నచ్చజెప్పిరి. తండ్రి మనస్సు మారెను. 1841లో జ్యోతిరావు పూనాలోని స్కాటిష్ మిషను పాఠశాలలో చేరెను.

చదువరులారా, ఇక్కడ ఒక నిమిషము నిలిచి ఆలోచింపుడు. గుమాస్తా చెప్పినది ఒక మాట, పొరుగువారు చెప్పినది ఒక మాట. మొదటి మాట ఒక పిల్లవానిని బడినుండి తీసివేసెను, రెండవ మాట అతనిని మరల బడిలో చేర్చెను. పొరుగింటి పిల్లవాని చదువును గురించి మనము మాటలాడు మాట యెంత బరువైనదో ఇందువలన తెలియుచున్నది.

మిషను పాఠశాలలో ఆయన 1847వరకు చదివెను. అక్కడ పలు కులముల పిల్లలతో కలిసి కూర్చుండెను. సదాశివ బల్లాళ గోవండే అను బ్రాహ్మణ బాలునితో ఏర్పడిన స్నేహము కడవరకు నిలిచెను. థామస్ పెయిన్ అను రచయిత మనుష్యుల హక్కులనుగూర్చి వ్రాసిన గ్రంథము ఆయన మనస్సును గట్టిగా పట్టెను. దేవుడు మనుష్యులనందరిని సమానముగా చేసెనను నమ్మకము ఆయనలో వేరు తన్నెను.

పెండ్లి ఊరేగింపులో జరిగిన సంగతి

1848లో ఒక బ్రాహ్మణ మిత్రుడు తన యింటి పెండ్లికి జ్యోతిరావును పిలిచెను. ఆయన ఊరేగింపులో అందరితో కలిసి నడచుచుండగా, కొందరు గుర్తుపట్టి, శూద్రుడు మాతో సమముగా నడచుట యేమని నిందించి గెంటివేసిరి. ఇరువది యొక్క యేండ్ల యువకుడు కన్నీళ్లతో ఇల్లు చేరెను. తండ్రి ఓదార్చుచు, ఇది వాడుకయేయనియు, పీష్వాల కాలములోనైతే ఇంకను కఠినమైన శిక్ష పడియుండుననియు చెప్పెను. తండ్రికి అది ఓదార్పు, కుమారునికి అది నిద్రపట్టనియ్యని మాట. తాను చదివినవాడై యుండియు ఇట్లు త్రోసివేయబడగా, చదువే లేనివారి గతి యేమని ఆయన యోచించెను.

ఆ కాలముననే ఆయన గోవండేతోకూడ అహమదునగరు వెళ్లి, అక్కడ అమెరికన్ మిషనువారి బాలికల బడిని చూచెను. ఆ బడిని నడిపించుచుండినది సింథియా ఫరార్ దొరసాని. పెండ్లికాని స్త్రీగా అమెరికానుండి 1827లో మన దేశమునకు వచ్చి, ఆడపిల్లల చదువు నిమిత్తమే జీవితమును ధారపోసిన మిషనెరీ ఆమె. బల్లలమీద కూర్చుండి చదువుచున్న ఆడపిల్లలను చూచి జ్యోతిరావు ఒక నిశ్చయము చేసికొనెను. తల్లికి చదువు వచ్చినయెడల బిడ్డకు మొదటి బడి ఇల్లే యగును, కాబట్టి స్త్రీలతోనే మొదలుపెట్టవలయును.

అయితే బాలికలకు చెప్పుటకు ఉపాధ్యాయురాలు ఎక్కడ దొరకును? ఆయన వెదకుచు దూరము పోలేదు. తన భార్యకే చదువు నేర్పెను. సావిత్రీబాయి ఇంటను పొలముననుకూడ అక్షరములు దిద్దుకొని, తరువాత మిషను దొరసానులయొద్ద బోధనాభ్యాసము పొందెను. 1848లో పూనాలోని బుధవారపేటయందు భిడే అను బ్రాహ్మణ గృహస్థుని ఇంటిలో బాలికల బడి ప్రారంభమాయెను. ఇంటివాడు తన గదులిచ్చెను. భర్తకు ఇరువది యొక్క యేండ్లు, భార్యకు పదునేడు. మన దేశీయులు తామే స్థాపించి నడిపిన తొలి బాలికల బడులలో అది యొకటి.

బడియా, ఇల్లా?

ఆడది బడికి పోయి పాఠము చెప్పుట పూనా వీధులు ఎరుగని సంగతి. సావిత్రీబాయి నడచుచుండగా కొందరు తిట్టిరి, కొందరు మట్టియు పేడయు విసరిరి. ఆమె రెండవ చీర వెంట తీసికొనిపోయి, బడిలో మార్చుకొని, పాఠము చెప్పి, మరల పాత చీరతో ఇల్లు చేరుచుండెనని ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. పిల్లలయెదుట ఆమె శుభ్రమైన చీరతోనే నిలిచెను.

తరువాత గాలి ఇంటిలోనికే తిరిగెను. కులపెద్దలును ఇరుగుపొరుగువారును గోవిందరావును ఒత్తిడి చేసిరి. ఆ ముసలివాడు కఠినుడు కాడు, భయపడినవాడు. 1849లో ఆయన కుమారునియెదుట రెండు మార్గములుంచెను: బడి మానుము, లేదా ఇల్లు విడువుము. జ్యోతిరావు తండ్రిని ప్రేమించినవాడే. అయినను బడి మానలేదు. భార్యాభర్తలు కట్టుబట్టలతో బయటికి వచ్చిరి. ఉస్మాన్ షేక్ అను మహమ్మదీయ మిత్రుడు వారికి తన యింట చోటిచ్చెను. ఆ కుటుంబపు స్త్రీయైన ఫాతిమా షేక్ సావిత్రీబాయితోకూడ చదివి, ఆమెతోకూడ పాఠములు చెప్పెను.

కష్టములవలన కొంతకాలము మూతపడిన పని 1851లో మరల మొదలై, 1852నాటికి బాలికల బడులు మూడాయెను. మహర్లు, మాంగుల పిల్లలకును బడి తెరవబడెను. ఈ పనిలో గోవండే మొదలగు బ్రాహ్మణ మిత్రులు కమిటీలలో కూర్చుండి, లెక్కలు చూచి, చందాలు పోగుచేసిరి. ఎదిరించినవారు ఉన్న కులమునందే సహాయపడినవారును ఉండిరని మనము మరువరాదు. 1852 నవంబరులో ప్రభుత్వమువారు పూనాలో సభచేసి జ్యోతిరావునకు శాలువలు కప్పి సన్మానించిరి.

ఒక పిల్ల వ్రాసిన కాగితము

సన్మానముకంటె గొప్ప ఫలము మూడేండ్ల తరువాత కనబడెను. ఆ బడిలో ముక్తాబాయి అను మాంగు పిల్ల చదువుచుండెను. ఆమె దాదాపు మూడేండ్లు చదివి, తన జాతివారి దుఃఖమునుగూర్చి ఒక వ్యాసము వ్రాసెను. 1855లో దానిని జ్ఞానోదయ అను పత్రిక ప్రకటించెను. జ్ఞానోదయ అమెరికన్ మిషనువారి క్రైస్తవ పత్రిక. అనగా మనము చదువుచున్న ఇట్టి సంఘ పత్రికలోనే ఆ పిల్ల మాట అచ్చుపడినదని మీరు సంతోషింపవచ్చును.

ఆమె యేమి వ్రాసెను? చదువు తమది మాత్రమేయని చెప్పుకొనువారి మతము తమ జాతికి ఎట్లు మతమగునని అడిగెను. పూర్వపు రాజ్యములో తనవారు పడిన హింసలను చెప్పెను. తన జాతి స్త్రీలు ప్రసవించునప్పుడు తలపై కప్పైన లేక ఎండకు వానకు బాధపడుటను చెప్పెను. తన జనులు చదువుకొని మేలుకొనవలెనని వేడుకొనెను.

మూడేండ్ల క్రిందట ఆ పిల్లకు అక్షరము తెలియదు. ఆ దుఃఖము ఆమె తల్లికిని ఉండెను, అవ్వకును ఉండెను. అయితే దానిని కాగితముమీద పెట్టి లోకముచేత చదివించు శక్తి వారికి లేకపోయెను. చదువు ఆమెకు ఉద్యోగము నిచ్చెనో లేదో గాని నోరిచ్చెను. స్వాతంత్ర్యమనగా ముందుగా ఇదియే గదా? తన బాధను తానే చెప్పుకొనగలుగుట.

1855లోనే జ్యోతిరావు, సావిత్రీబాయి తమ యింట రాత్రిబడి పెట్టిరి. పగలంతయు కూలిచేసి వచ్చిన స్త్రీపురుషులు దీపముచుట్టు కూర్చుండి అక్షరములు దిద్దిరి. అదే యేట ఆయన తృతీయ రత్నమను నాటకము వ్రాసెను. పురోహితుని మాటలకు మోసపోయి అప్పులపాలైన రైతు దంపతులు కడకు రాత్రిబడిలో చేరుట ఆ నాటకపు కథ. బహుమానము నిమిత్తము దానిని కమిటీవారియొద్దకు పంపగా వారు త్రోసివేసిరి.

మరుసటి యేట ఇద్దరు మనుష్యులు కూలికి ఒప్పుకొని, రాత్రివేళ ఆయనను చంపవచ్చిరని ఆయన చరిత్రకారులు చెప్పుచున్నారు. ఆయన మేలుకొని, భయపడక, ఎందుకు వచ్చితిరని విచారించెను. బీదరికమువలన వచ్చితిమని వారు ఒప్పుకొనిరి. తన ప్రాణమువలన మీ పిల్లలు అన్నము తిందురేని తీసికొనుడని ఆయన మెడ వంచెను. వారు ఆయుధములు పారవేసి ఆయన అనుచరులైరి. వారిలో ఒకడు ఆ రాత్రిబడిలోనే చదువు నేర్చుకొనెను.

కాలువ చివరి చేను

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. ఆనాటి ఇంగ్లీషు ప్రభుత్వము చదువునుగూర్చి ఒక సిద్ధాంతము పెట్టుకొనెను. ముందుగా పైతరగతులవారికి ఉన్నతవిద్య చెప్పినయెడల, అది మెల్లమెల్లగా క్రిందివారికి ఇంకునని వారి యెన్నిక. 1854లో లండనునుండి వచ్చిన ఉత్తరువు సామాన్య ప్రజల చదువుకూడ ప్రభుత్వపు బాధ్యతయేయని ఒప్పుకొన్నను, ఆచరణలో పెద్ద భాగము ధనము పైచదువులకే పోవుచుండెను.

మన రైతులకు దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. కాలువ మొదటి చేనివాడు తన మడి నిండినను గండి పూడ్చడు. చివరి చేనివాడు నీటితీరువ మాత్రము సమముగా చెల్లించును, ఎండిన నేలవైపు చూచుచు నిలుచును. జ్యోతిరావు ఆ చివరి చేనివాని పక్షమున ప్రభుత్వమును ప్రశ్నించెను.

1882లో విద్యాస్థితిని విచారించుటకు విలియం హంటరు దొర అధ్యక్షతను ఒక కమీషను ఏర్పడెను. ఆ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన జ్యోతిరావు దానికి వ్రాతమూలముగా సాక్ష్యమిచ్చెను. బొంబాయి రాజధానిలో పదింట తొమ్మిది గ్రామములకు, అనగా దాదాపు 10 లక్షలమంది పిల్లలకు, ప్రాథమికవిద్యకు ఏ ఏర్పాటును లేదని చెప్పబడుచున్నట్లు ఆయన చూపెను. చదువు నిమిత్తమని రైతులయొద్ద ప్రత్యేక పన్ను వసూలుచేయుచు దానిని ఆ పనికి వినియోగించుట లేదని నిష్ఠురముగా వ్రాసెను. ప్రభుత్వపు రాబడిలో ఎక్కువ భాగము రైతు చెమటనుండి వచ్చుచుండగా, దాని ఫలము పైవారికే చేరుట న్యాయమాయని అడిగెను.

ఆయన ఫిర్యాదుతో ఊరకుండలేదు, మార్గమును చూపెను. కనీసము పండ్రెండేండ్ల వయస్సువరకు ప్రాథమికవిద్య నిర్బంధముగా నుండవలయును. చదువుట, వ్రాయుట, లెక్కలు, వ్యాకరణము, చరిత్ర, భూగోళములతోపాటు వ్యవసాయమునుగూర్చియు ఆరోగ్యమునుగూర్చియు నీతినిగూర్చియు సులభమైన పాఠములుండవలయును. ఉపాధ్యాయులు సాధ్యమైనంత వరకు సేద్యపు కులములనుండి రావలయును. నాగలి మేడి పట్టుటకు సిగ్గుపడనివారు గ్రామస్థులతో కలిసిపోగలరు. వారికి శిక్షణ నియ్యవలయును, నెలకు 12 రూపాయలకు తక్కువకాని జీతమియ్యవలయును. మహర్లు, మాంగుల పిల్లలను ఇతరులతో కూర్చుండనియ్యని పెద్ద గ్రామములలో వారికి వేరుగా బడులు పెట్టవలయును. ఇవి చదివినప్పుడు ఇది దొరలను పొగడి బిరుదు సంపాదించుకొను మనుష్యుని వ్రాత కాదని తెలియును.

కమీషను నివేదిక వ్రాసెను గాని నిర్బంధవిద్య రాలేదు. 1911లో గోపాలకృష్ణ గోఖలే శాసనసభలో ఆ నిమిత్తము బిల్లు పెట్టగా అదియు ఓడిపోయెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదేండ్లలోపల పదునాలుగేండ్లవరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధవిద్య కలిగింప ప్రయత్నింపవలయునని చెప్పెను. గడువు దాటెను. 2002లో రాజ్యాంగము సవరింపబడి, 2009లో చట్టము చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు చదువు ప్రతి బిడ్డకు హక్కాయెను. జ్యోతిరావు అడిగినదినము మొదలు దాదాపు 128 సంవత్సరములు! ఆ మధ్య కాలములో బడి లేక పెరిగి, వ్రేలిముద్ర వేసి, కన్నుమూసిన తరములు ఎన్నియో యెంచి చూడుడు. వారిలో మన తాతలును అవ్వలును ఉన్నారు.

గులాంగిరి

జ్యోతిరావు జీవనోపాధికొరకు కట్టడపు సామగ్రి సరఫరా చేయు కాంట్రాక్టులు చేసెను, పూనాదగ్గర మాంజరిలో సేద్యము చేసెను. 1863లో విధవలైన గర్భిణీ స్త్రీలు సిగ్గుచేత బిడ్డలను చంపుకొనకుండునట్లు వారికి ఆశ్రయగృహము తెరచెను. 1868లో తన యింటి నీటితొట్టిని అంటరానివారని పిలువబడినవారికి విడిచిపెట్టెను.

1873లో గులాంగిరి అను గ్రంథమును ప్రకటించెను. గులాంగిరి యనగా దాస్యము. అమెరికాలో నీగ్రోలను బానిసత్వమునుండి విడిపించిన ఆ దేశపు సజ్జనులకు ఆయన దానిని అంకితమిచ్చెను. సముద్రమునకు ఆవలనున్న బానిసల సంకెళ్లును తన ఊరి వెలుపలివారి సంకెళ్లును ఒకటేయని ఆయన చూచెను.

అదే సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన సత్యశోధక సమాజము ఏర్పడెను. మధ్యవర్తి లేకుండ మనుష్యుడు దేవుని నారాధింపవచ్చుననియు, కులమునుబట్టి హెచ్చుతగ్గులు లేవనియు, బీదల పిల్లలకు చదువు చెప్పించవలయుననియు ఆ సమాజము బోధించెను. ఈ చోట మన తెలుగువారికి ఒక సంతోషకరమైన సంగతి యున్నది. బొంబాయికి వలసపోయి, కట్టడపు పనులలో కూలీలుగాను కాంట్రాక్టర్లుగాను స్థిరపడిన తెలుగువారిని అక్కడ కామాఠీలనెడివారు. వెంకు బాలాజీ కాలేవార్, జాయా యల్లప్ప లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలగు వారి పెద్దలు ఈ సమాజమునకు అండగా నిలిచిరి. ఊరు విడిచి రాళ్లు మోసి సంపాదించిన తెలుగు ధనము అక్షరముల నిమిత్తము ఖర్చాయెను.

1883లో జ్యోతిరావు సేద్యగాని చర్నాకోల యను అర్థముగల పేరుతో ఒక గ్రంథము వ్రాసెను. రైతు బుద్ధియు నీతియు ధనమును పోగొట్టుకొనుటకు మూలము చదువులేమియేయని దాని మొదటనే చెప్పెను. మన వైపున కరణమువలె అక్కడ కులకర్ణి యుండెను. లెక్క అతని చేతిలో, కోర్టు భాష అతని నోటిలో, అప్పు రైతు నెత్తిమీద. పైన దొర శిస్తు పెంచుచుండగా క్రింద గుమాస్తా లెక్క తారుమారు చేయును. ఈ రెండు నొగల బండిని జ్యోతిరావు కండ్లారా చూచి వ్రాసెను.

1888 మార్చిలో విక్టోరియా రాణి కుమారుడైన కన్నాటు ప్రభువునకు పూనాలో విందు జరిగెను. నగలు, జరీ వస్త్రములు ధరించినవారి మధ్యకు జ్యోతిరావు చినిగిన తలపాగాతో, భుజముపై గొంగళితో, సేద్యగాని వేషమున వచ్చెను. కావలివారు ఆపగా ఇంటి యజమానుడు వచ్చి లోపలికి తీసికొనిపోయెను. ఆయన లేచి మాటలాడుచు, ఇక్కడ మెరయుచున్నవారిని చూచి దేశము సుఖముగా నున్నదనుకొనవద్దనియు, గ్రామములకు వెళ్లి చూడవలయుననియు, బీదల పిల్లలకు చదువు చెప్పించుడని తల్లితో చెప్పవలయుననియు రాజకుమారుని కోరెను.

ఆయన స్వరాజ్యమునుగూర్చి గట్టిగా మాటలాడలేదనియు, దొరలను మిక్కిలి నమ్మెననియు కొందరు తప్పుపట్టిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. పూర్వపు రాజ్యములో పలక పట్టనియ్యబడనివానికి, కొత్త రాజ్యములో బడి తలుపు కొంచెమైనను తెరవబడుట గొప్పగా కనబడెను. అయినను ఆ కృతజ్ఞత ఆయన నోరు మూయలేదు. చదివిన కొద్దిమంది మాత్రమే అధికారమునకు వచ్చినయెడల క్రిందివాని మెడమీద కాడి మారునే గాని తొలగదని ఆయన భయపడెను. దొర పోవుట ఒక విడుదల, ఎవరును మోసగింపలేని మనుష్యుడగుట మరియొక విడుదల. రెండవదానికొరకు ఆయన పాటుపడెను. డాక్టరు అంబేద్కరు 1946లో తన గ్రంథమొకటి ఆయనకు అంకితమిచ్చుటకు కారణమిదియే.

ఎడమచేతి వ్రాత

సంతానము లేని ఆ దంపతులు, తమ ఆశ్రయగృహములో ఒక బ్రాహ్మణ విధవకు పుట్టిన బిడ్డను పెంచుకొని, యశ్వంతుడని పేరుపెట్టి, చదివించి వైద్యుని చేసిరి. 1888 మే 11వ తేదీన బొంబాయి ప్రజలు జ్యోతిరావునకు మహాత్ముడను బిరుదునిచ్చిరి. ఆ యేటనే పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. ఆయన కలమును ఎడమచేతికి మార్చుకొని తన కడపటి గ్రంథమును వ్రాసి ముగించెను. 1890 నవంబరు 28వ తేదీన మరణించెను. ఆయన అంత్యక్రియలలో సావిత్రీబాయి స్త్రీయైయుండియు ముందు నడిచెను. 1897లో పూనాలో ప్లేగు వ్యాపించినప్పుడు ఆమె రోగులకు పరిచర్య చేయుచు, ఆ వ్యాధియే తగిలి మార్చి 10వ తేదీన కన్నుమూసెను.

జ్యోతిరావు మన ప్రభువును ప్రేమగౌరవములతో తలంచి, రైతులకు ప్రియుడైన బలిరాజుతో పోల్చెను. అయినను ఆయన క్రైస్తవుడు కాలేదు. కానివానిని మనవాడని చెప్పుకొనుట సత్యము కాదు. మిషను బడిలో చల్లిన గింజ సంఘపు కంచెకు ఆవల మొలచి, ఊరందరికి నీడనిచ్చెనని చెప్పుట సత్యము. దానికి మనము దేవుని స్తుతింపవలయును.

మన పాఠము

నెహెమ్యా గ్రంథములో మనము చదువు సంగతి గుర్తుచేసికొనుడు. చెరనుండి తిరిగి వచ్చిన జనులు గోడ కట్టుకొనిరి. గోడ లేచినంతమాత్రమున పని ముగియలేదు. పురుషులు, స్త్రీలు, గ్రహింపగలిగిన వారందరును వీధిలో కూడగా ఎజ్రా గ్రంథము విప్పెను, అర్థము తెలియునట్లు వారికి వివరింపబడెను. గ్రహించిన తరువాతనే వారు సంతోషించి భోజనమునకు వెళ్లిరి. చెర తీరినవారికి గోడయు కావలయును, విప్పిన గ్రంథమును కావలయును.

మన పల్లెలలో అనేక సంఘములు ఒక పాకలో మొదలాయెను. వారము దినములు అది బడి, ఆదివారము అది గుడి. పంతులుగారే పలక దిద్దించి, ఆయనే ప్రార్థన చేసెను. ఇప్పుడు గుడికి రాతిగోడలు వచ్చినవి. బడి చట్టమై వచ్చినది. అయినను పత్తితీత కాలములో, మిరపకోత కాలములో, బడిలో కనబడని ఆడపిల్లలు ఎవరి బిడ్డలు? చెల్లెలిని ఎత్తుకొని ఇంటియొద్ద నిలిచిపోయిన అక్క ఎవరి బిడ్డ? ఆమె పేరు బడి పుస్తకములో నుండవచ్చును. ఆమె లేని చోటు బెంచిమీద నున్నది.

కాబట్టి ప్రతి సంఘమును ఈ నెలలో రెండు పనులు చేయవలయునని బ్రతిమాలుచున్నాను. పెద్దలు ఇంటింటికి పోయి, బడి మానిన బిడ్డ యెవరో తెలిసికొని, తలిదండ్రులతో మాటలాడవలయును. గఫార్ బేగ్ ఒక మాట చెప్పినట్లు మనమును చెప్పవచ్చును. రెండవది, చదువు వచ్చిన యౌవనులు వారమునకు రెండు సాయంకాలములు, సంతకము చేయనేరని పెద్దవారియొద్ద కూర్చుండవలయును. ముందుగా వారి పేరు వారిచేత వ్రాయింపుడు. తరువాత వారి పట్టాదారు పుస్తకమును వారిచేతనే చదివింపుడు.

తన పేరు తానే వ్రాసికొన్నవాని వ్రేలిని మరియొకడు పట్టుకొనలేడు.